ఏనుగు మొగం చూసొచ్చిన మా అక్క

మా అక్క పోయింది. రేణిగుంటలో మా వీధి చివర టీ అంగట్లో కూర్చుని ఉంటే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, అమ్మ అన్నం తిని మంచం మీద ఒరిగింది. లేపితే లెయ్యలా" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను. టీ అంగడాయన నా ముఖం చూసి, "ఏమైందన్నా?" అన్నాడు.

"మా అక్క పోయింది. గెలిచి పోయింది" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. చావు కబురు విన్నవాడు అనే మాట కాదు అది. అయినా ఆ మాట నేను వెనక్కి తీసుకోను. ఎందుకు తీసుకోనో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను లారీ తోలి బతికినవాణ్ణి. దారిలో బోర్డులు చదువుకోవడానికి సరిపడా అక్షరాలు నేర్చుకున్నాను, వాటితోనే రాస్తున్నాను. గొప్ప మాటలు నాకు రావు. వచ్చినా మా అక్క ఒప్పుకునేది కాదు.

అక్కను ఇచ్చింది పలమనేరు అవతల, అడవిని ఆనుకున్న ఊర్లో. ఇంటి వెనక చెరకు తోట. తోట వెనక ఏనుగులు రాకుండా తవ్విన కందకం. కందకం దాటితే కౌండిన్య అడవి. చిత్తూరు బెల్లం మీరు అంగళ్ళలో కొనే ఉంటారు, ఆ బెల్లం వండిన చేతుల్లో మా అక్క చేతులు కూడా ఉన్నాయి. గానుగ పని బావది, పాకం పని అక్కది. రసం మీద తేలిన మడ్డి తీయడం, బెండకాడల జిగురు పోయడం, పాకాన్ని చన్నీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి చూడడం, ఇవి ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. పక్కన నిలబడి ఎవరైనా తొందరపెడితే ఒకటే మాట. "పిలస్తానే పరిగెత్తుకొచ్చేదానికి అదేమన్నా నీ కుక్కపిల్లనా? దానికి ఎప్పుడు రావాలో తెలుసు. గమ్మునుండు."

కాఫీ నిలబడే తాగేది. చీర మీద బావ పాత చొక్కా తొడుక్కుని తోటలోకి పోయేది. నా లారీ ఆ దారిన పోతే ఆపించేది. క్యాబిన్‌లోకి ఎక్కి కొంగుతో స్టీరింగు తుడిచి, "ఇంత మురికి పట్టుకొని అదే చేత్తో అన్నం తింటావు కదరా" అని తిట్టి దిగేది. ఆమె తిట్టని మనిషి ఆ ఊర్లో లేడు. ఆమె బెల్లం పెట్టని ఇల్లూ లేదు.

అట్లాంటి మనిషిని ఒక పొద్దు మార్చేసింది.

బెల్లం పొయ్యి అంటే వంటింటి పొయ్యి అనుకోకండి. నేలలో తవ్విన గుంత అది, మనిషి దిగి కూర్చోవచ్చు. తెల్లవారుతూ ఉండగా అక్క ఒక్కతే బెల్లం వండే కొట్టంలోకి పోయి, పెనం పక్కకు జరిపిన గుంతలోకి దిగి ముందురోజు బూడిద ఎత్తుతూ ఉంది. అప్పుడు కొట్టం గోడ కూలింది. మూలన పేర్చిన బెల్లం ఉండల కోసం ఏనుగు వచ్చింది. అక్క బయటికి రాలేక బూడిదలోనే బోర్లా పడుకుంది. తల కొంచెం తిప్పితే ఆమెకు కనబడినవి నాలుగు కాళ్ళు. వినబడింది నమిలే చప్పుడు. ఆ ఏనుగు తీరిగ్గా తిన్నది. తిన్నంతసేపూ అక్క ఊపిరి బిగబట్టి బూడిద మింగుతూ ఉంది.

ఏనుగు పోయాక జనం వచ్చి చేయిచ్చి లేపారు. తలనుంచి కాళ్ళ దాకా బూడిద. దెబ్బ ఒక్కటి లేదు. బతికి బయటపడిందన్న సంతోషంలో ఎవరో నవ్వారు, దాంతో అందరూ నవ్వారు. బావ తమ్ముడి కొడుకు ఒకడు, "ఏం పెద్దమ్మా, సుడుగాడు నుంచి లేచొస్తాండావా?" అన్నాడు. మా పక్క సుడుగాడంటే శ్మశానం. మామూలుగా అయితే వాడి ఏడు తరాలనూ కడిగేది అక్క. ఆ పొద్దు మాట్లాడకుండా ఇంట్లోకి పోయింది. అప్పటినుంచి ఆమెకు ఊర్లో 'పొయ్యిలో పెద్దమ్మ' అనే పేరు పడింది.

ఆ కొట్టంలోకి అక్క మళ్ళీ పోలేదు. తోటలోకీ పోలేదు. పాకం చూసే మనిషి లేక బావ గానుగ ఆపేశాడు. కొన్నేళ్ళకు జబ్బు చేసి ఆయనా పోయాడు. మేనల్లుడు ఇంటి దగ్గరి చేనులో టమోటా పెట్టుకుని, కందకం పక్క నేలను బీడు వదిలేశాడు. అక్క ఇంట్లో ఉండేది, నడవలో ఉండేది, అంతే. ఇంకొకటి నేను కనిపెట్టాను. ఎవరైనా అప్పడమో మురుకో కరకర నమిలితే అక్క లేచి అవతలికి పోయేది. నేను పోతే నా అన్నం పళ్ళెం బయట అరుగు మీద పెట్టించేది. "నీవు తినేది నేను వినలేనురా, బయట తిను" అనేది. నేను గట్టిగా నమిలే మనిషిని, అందుకేలే అనుకునేవాణ్ణి.

లారీ మానేశాక ఒకసారి వాళ్ళింట్లో పది రోజులుండిపోదామని పోయాను. కోడలు కాఫీ ఇచ్చింది. అక్క నిలబడి తాగుతూ, ఉన్నట్టుండి అడిగింది.

"రేయ్ తమ్ముడా, నన్నొకచోటికి పిల్చుకపోతావా?"

"యాడికక్కా? కొండకా?"

"కొండకు ఎన్నిసార్లు పోలేదు. అడవిలోకి."

"ఏ అడవిలోకి?"

"మన వెనకుండే అడవిలోకే. ఏనుగును చూడాల."

మేనల్లుడు టమోటా గంపలు సర్దుతున్నవాడు ఆగిపోయాడు. "మా, నీకేమన్నా పిచ్చి గానీ పట్టిందా? అది మనింటికొస్తే పొయ్యిలో దూరితివి. ఇప్పుడు దానింటికి పోతానంటాండావు."

"మనింటికి వచ్చినప్పుడు అది దొంగమాదిరి వచ్చింది" అంది అక్క. "దొంగ మొగం ఎవురికి తెలుస్తాది? దానింట్లో అది ఎట్లుంటాదో చూడాల."

"తిరపతిలో జూ ఉండాది కదత్తా" అంది కోడలు. "చక్కగా కంచె ఇవతల నిలబడి చూడొచ్చు."

"కంచెలో ఉండేదానికి నేనెందుకు భయపడతా?"

మేనల్లుడు నవ్వి గంపలు ఎత్తుకుని పోయాడు. కోడలు లోపలికి పోయింది. నేను కూడా నవ్వబోయాను. అప్పుడు అక్క నా పక్కన కూర్చుంది. కాఫీ గ్లాసుతో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"నేను దాని కాళ్ళే చూసినా తమ్ముడా. మొగం చూళ్ళేదు. కండ్లు మూస్తే ఆ కాళ్ళే. చెవులో ఆ నమిలేదే. మొగం తెలియనిదానికి ఎన్నాళ్ళురా భయపడేది? బూడిదలో దాక్కున్నదాన్ని. దాన్ని చూడకుండానే నేను బూడిదైపోతే, ఇంక నేను ఆ పొయ్యిలోంచి లెయ్యనట్టే కదా."

లారీలో తిరిగి ఎన్నో చూశాను నేను. ఘాట్ రోడ్లలో బ్రేకులు పోయిన బండిని నిలబెట్టాను. పందెం కాసి చెబుతున్నా, అంత ధైర్యంగా తన భయాన్ని చెప్పిన మనిషిని నేను చూడలేదు. మర్నాడే అడవి ఆఫీసుకు పోయి అనుమతి అడిగి తెచ్చాను.

వానలు పడి చెట్లు చిగిర్చిన కాలం అది. పొద్దున్నే అడవి గేటు దగ్గరికి పోయాం, అక్కా నేనూ. అక్క ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, కోడలి దగ్గర రెండు కనకాంబరాలు అడిగి కొంగుకు చుట్టుకుంది. పెళ్ళికి పోయేటట్టుంది. అక్కడ అడవికి కాపలా ఉండే వాచర్ నడివయసు మనిషి. జీపు తోలేదీ దారి చూపేదీ ఆయనే. ఏళ్ళ తరబడి అడవిలో తిరిగి తిరిగి గొంతు తగ్గిపోయిన మనిషి, గేటు బయట కూడా గుసగుసలాడినట్టే మాట్లాడతాడు.

"పూలు తీసెయ్యవ్వా. సెంటు గింటు పూసుకోలేదు కదా పెద్దాయనా? తినేటివి ఏముండినా ఈడ్నే పెట్టేయండి. వాసనకు సామి వస్తాడు." ఆ పక్క అడవి మనుషులు ఏనుగును సామి అంటారు. పేరు పెట్టి పిలవరు.

అక్క పూలు తీసి ఇచ్చింది. కోడలు కట్టిచ్చిన చిత్రాన్నం, వడల సంచీ కూడా ఇచ్చింది.

"ఇంకేమీ లేదు కదవ్వా?"

"లేదు నాయనా" అంది అక్క, కన్ను ఆర్పకుండా.

జీపు లోపలికి కదిలింది. గేటు కనబడనంత దూరం పోయేదాకా అక్క ఇనుప కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటోందో ఏనుగును తిడుతోందో తెలియలేదు. ముందు నెమళ్ళు కనబడ్డాయి. తర్వాత దుప్పుల మంద. దారికి అడ్డంగా నిలబడి, చెవులు రిక్కించి మమ్మల్ని చూశాయి. ఒంటి మీద చుక్కలు ఎండకు మెరుస్తున్నాయి.

"ఇవేంది, చుట్టాలొచ్చినారని వాకిట్లో నిలబడినట్టు నిలబడుకోనుండాయి" అంది అక్క. ఒక చేయి కమ్మీ వదిలింది.

వాచర్ ఒక పుట్ట దగ్గర బండి నిదానం చేసి, దాన్ని ఎలుగుబంటి ఎట్లా చీల్చి చెదపురుగులు తిన్నదో చూపించాడు. మట్టి మీద గోళ్ళ గీతలు తడిగా ఉన్నాయి. నేను చుట్టూ చూశాను. అక్క నన్ను చూసి, "ఏంరా, ఎలుగ్గొడ్డు టిక్కెట్టు అడుగుతాదనా?" అంది. కొండముచ్చులు తలమీద కొమ్మల్లో దూకాయి. ఒక ఉడుము ఎవరి కోసమూ తొందరపడకుండా దారి దాటింది. దాన్ని దాటనిచ్చి వాచర్ బండి కదిలించాడు. వాగు దగ్గర కణితి దుప్పి ఒకటి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మా వైపు తల తిప్పింది. అంత పెద్ద కొమ్ముల మృగం, అట్లా చూస్తూనే రెండు అంగల్లో చెట్లలో కలిసిపోయింది. అక్క రెండో చేయి కూడా కమ్మీ వదిలింది. "మన తోట వెనక ఇంత సంసారం ఉండాదా" అంది. ఆ అడవి పక్కన ముప్పై నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. కట్టెల కోసం అంచుకు పోయింది గానీ లోపలికి ఎప్పుడూ రాలేదు.

వాచర్ ఇంజను ఆపాడు. కింద కుంట ఉంది. కుంట పక్కన నల్లని బండలున్నాయి అనుకున్నాను. బండలు కదిలాయి.

గుంపు అది. పెద్దవి నీళ్ళు మీద చల్లుకుంటున్నాయి. ఒక పిల్ల ఏనుగు గట్టెక్కబోయి బురదలో జారి పడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. తల్లి ముందుకాలు అడ్డం పెట్టి దాన్ని పైకి తోసింది. పైకెక్కిన పిల్ల కృతజ్ఞత లేకుండా మళ్ళీ నీళ్ళలోకి పరిగెత్తింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. భుజాలు కదిలిపోతున్నాయి. "నీవు గూడా ఇట్లనే రా. నీళ్ళు పోస్తామంటే దొరికేవాడివి కాదు. అమ్మ నీ వెనక చెంబెత్తుకోని ఊరంతా తిరిగేది" అంది నా చెవిలో.

నేను కూడా నవ్వుతున్నాను. ఇంక చూడవలసింది చూసేశాం, దిగ్విజయంగా ఇంటికి పోవచ్చు అనుకున్నాను. అప్పుడు మా కుడి పక్క పొదల్లో వెదురు విరిగింది. ఆ తర్వాత నమిలే చప్పుడు.

అక్క చేయి నా మణికట్టు మీద పడింది. "అదేరా" అంది. "అదే చప్పుడు."

పొదలు పక్కకు జరిగి ఒంటి ఏనుగు దారి మీదికి వచ్చింది. మగది. ఒక దంతం పొడుగు, ఒకటి సగానికి విరిగింది. నోట్లో వెదురు కొమ్మ. అది మమ్మల్ని పట్టించుకోకుండా కుంట వైపు దిగిపోతుందని వాచర్ చేత్తో సైగ చేశాడు. అది దిగలేదు. ఆగింది. తొండం ఎత్తింది. కొనను అటూ ఇటూ తిప్పి, మా వైపు తిప్పి, నిలిపింది. నోట్లో వెదురు కింద పడేసి, మా వైపు నడిచింది.

"సామి మన దిక్కు ఎందుకొస్తాన్నాడు?" అన్నాడు వాచర్, పెదాలు కదపకుండా. ఆయన కళ్ళు అద్దంలో అక్క మీద ఉన్నాయి. "అవ్వా. నిజం చెప్పు. నీ దగ్గర ఏముండాది?"

అక్క బొడ్లో దోపుకున్న మూట బయటికి తీసింది. కొత్త రవికగుడ్డలో కట్టిన బెల్లం ఉండ.

"అయ్యో అవ్వా."

"ఒకరింటికి ఒట్టి చేతుల్తో ఎట్లొస్తారు నాయనా?" అంది అక్క, ఆయన కంటే మెల్లగా.

మా వాళ్ళలో అది ఉంది. పగవాడి ఇంటికైనా సరే, మొదటిసారి గడప తొక్కేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. బెల్లం వండే ఇంటివాళ్ళు బెల్లం తీసుకుపోతారు. మా అమ్మ అట్లాగే పోయేది, అక్క అట్లాగే పోయేది. అడవికి కూడా అట్లాగే వచ్చింది. ఏనుగును చూడ్డానికి బెల్లం కట్టుకుని వచ్చే మనుషులు ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉంటారేమో నాకు తెలియదు.

ముందు ఏనుగు. పక్కన లోయ. కింద గుంపు. పోతే వెనక్కే పోవాలి, వెనక మలుపు. "ఇంజను వేస్తే సామి బెదురుతాడు" అన్నాడు వాచర్. "ముందు ఆ బెల్లం లోయలోకి విసిరేయాల. దూరం పోవాల. బండి పక్కన పడిందంటే మన కథ అయిపోతాది."

"ఇటివ్వు, నేను విసురుతా" అని చేయి చాపాను.

అక్క నా చేయి చూసింది. "నీ చెయ్యి చూడు ముందు. సారాయి తాగినోడి చెయ్యి మాదిరుండాది" అని లేచి నిలబడింది.

అవును, నిలబడింది. మా ఇద్దరిలో ఒకరు జీపు సీటు కింద దూరే చోటు వెతుకుతున్నారు, అది మా అక్క కాదు. ఏనుగు లారీ పొడవంత దూరంలో ఆగింది. నేను దాని కాళ్ళు చూశాను, ఆ కాళ్ళు దాటి పైకి చూడడానికి నాకు మనసు రాలేదు. అక్క పైకి చూసింది. కాళ్ళ నుంచి మోకాళ్ళు, మోకాళ్ళ నుంచి తొండం, తొండం నుంచి నుదురు, ఆమె తల మెల్లగా లేవడం నాకు పక్కనుంచి కనబడింది. చివరికి దాని కళ్ళ దగ్గర ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఏనుగు కూడా ఆగింది. దాని చెవులు ఆడుతున్నాయి, చెవుల అంచులు చిరిగి ఉన్నాయి.

"ఏమబ్బా" అంది అక్క. పక్కింటాయన్ని పలకరించినట్టు ఉంది ఆ గొంతు. "బాగుండావా? ఆ పొద్దు మా కొట్టం పడగొట్టి పోతివి. గోడ కట్టేదానికి మా ఆయన ఎంత కష్టపడినాడో నీకేం తెలుసు. నేను ఆడ్నే ఉంటిని. నీ కాళ్ళ కిందనే ఉంటిని. నీవు నన్ను చూళ్ళేదు, నేను నిన్ను చూళ్ళేదు. ఇప్పుడు చూసుకుంటిమి."

"అవ్వా, విసురు" అన్నాడు వాచర్.

అక్క రవికగుడ్డ విప్పి బొడ్లో దోపుకుంది. బెల్లం ఉండ చేతిలోకి తీసుకుంది. చెరకు మోపులు బండి మీదికి ఎగరేసిన చేయి అది, పెనం ఎత్తి దించిన చేయి. వెనక్కి వంగి ఒక్క విసురు విసిరింది. అది చెట్ల మీదుగా పోయి, లోయలో ఎక్కడో వాగు నీళ్ళలో పడిన చప్పుడు వినబడింది. ఏనుగు తల ఆ చప్పుడు వైపు తిరిగింది. తొండం అటు సాచింది.

వాచర్ ఇంజను వేశాడు. ఇక్కడ నా పని మొదలైంది. నేను సగం బయటికి వాలి, వెనక దారి చూస్తూ, జీవితమంతా నా క్లీనర్లు నాకు చెప్పినట్టు ఆయనకు చెప్పాను. "రానీ, రానీ, రానీ. కొంచెం లెఫ్ట్. రానీ. గుంత ఉండాది, రైట్ కొట్టు. రానీ." గుసగుసగా రివర్సు చెప్పడం నా జీవితంలో అదొక్కసారే. మలుపు తిరిగేటప్పుడు ఒకసారి ముందుకు చూశాను. అక్క ఇంకా నిలబడే ఉంది. ఏనుగు లోయ దిగుతోంది.

చాలా దూరం వచ్చాక వాచర్ బండి ఆపి దిగాడు. నీళ్ళు తాగి, ముఖం కడుక్కుని, అక్క ముందు నిలబడ్డాడు.

"అవ్వా, నీవు చేసింది తప్పు. చానా పెద్ద తప్పు. మన చేతి బెల్లం రుచి మరిగితే సామి ఊర్లోకే వస్తాడు. ఆయనకీ చేటు, మీకూ చేటు. ఏమన్నా అయ్యుంటే?"

అక్క రెండు చేతులూ జోడించింది. "తప్పే నాయనా. ఇంకెప్పుడూ చెయ్యను. ఎవుర్నీ చెయ్యనియ్యను." కొంచెం ఆగి అడిగింది. "దొరికుంటాదా దానికి?"

వాచర్ కోపం నిలుపుకోవాలని చూశాడు గానీ కుదరలేదు. నవ్వేశాడు. "వాగులో పడింది కదవ్వా. ఈపాటికి కరిగిపోయుంటాది."

"పోనీలే. ఒట్టి చేతుల్తో పోలేదన్న మర్యాద నాకు దక్కింది" అంది అక్క.

గేటు దగ్గర దిగి, నా భుజం పట్టుకుని, "చూసినావా తమ్ముడా దాని మొగం?" అంది. చూడలేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది, తల ఊపాను. "ముసలోడు రా వాడు. కంటి కింద నీళ్ళ చార. ఎండలో చేను దున్ని ఇంటికొచ్చిన మన నాయన మాదిరి చూస్తాడు. ఇంత చిన్న కన్ను. ఈయనకా నేను ఇన్నేండ్లు భయపడింది?"

మేనల్లుడు ఇంటి ముందు పచార్లు చేస్తూ ఉన్నాడు. "చూసినావా మా?" అన్నాడు.

"నేను దాన్ని చూసినా. అది నన్ను చూసింది" అని లోపలికి పోయి, డబ్బాలోంచి మురుకులు తీసుకుని, నడవ మధ్యలో నిలబడి కరకర నమిలింది. కోడలు గుడ్లప్పగించి చూసింది. ఆ రాత్రి నా పళ్ళెం ఇంట్లోనే పెట్టారు.

మర్నాడు పొద్దున్నే అక్క చీపురు పట్టుకుని కొట్టంలోకి పోయింది. మేము వెనకాల పోయాం. ఆమె గుంతలోకి దిగింది. ఏళ్ళ నాటి బూడిద, ఆకులు, పాము కుబుసం, అన్నీ ఎత్తి బయట పోసింది. పైకి రావడానికి చేయి ఇస్తే పట్టుకోలేదు. తనే లేచి వచ్చింది. ఆ ఏడు కందకం పక్క నేలలో మళ్ళీ చెరకు నాటారు. మరుసటి ఏడు గానుగ ఆడింది. మొదటి పెనం దిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అక్క చన్నీళ్ళలో పాకం వేసి, వేళ్ళతో నలిపి, "వచ్చింది" అంది. పండగ మాదిరి ఉంది ఆ రోజు.

అడవిని చూసి వచ్చాక ఏనుగులు రావడం మానేశాయని నేను రాయను, అబద్ధమవుతుంది. వచ్చాయి. చెరకు తొక్కాయి, తిన్నాయి. అక్క మిద్దె మీద నిలబడి అందరితోపాటు డబ్బా కొట్టేది. నడుమ నడుమ డబ్బా ఆపి తిట్టేది. "తింటే తినినావు, తొక్కకుండా తినబ్బా. నీ పిల్లోనికి నేర్పించు" అని. అడవి వాళ్ళు చెప్పినదానికి కట్టుబడి కొట్టంలో బెల్లం నిలవ పెట్టడం మానేసింది, వండినది వండినట్టు ఇంట్లోకి చేర్చేది. ఊర్లో 'పొయ్యిలో పెద్దమ్మ' అనే పేరు ఎవరు మాన్పించారో తెలియదు, అదే పోయింది.

దాని చోట ఆమె మాట ఒకటి ఊర్లో నిలిచింది. ఎవరికి ఏ భయమున్నా అక్క చెప్పేది ఒకటే. "పోయి మొగం చూసి రా పో." మనవరాలికి రేణిగుంటలో ఫ్యాక్టరీ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. పిల్ల మా ఇంటికి వచ్చి రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున అవ్వకు ఫోన్ చేసి నేను పోను అని ఏడ్చింది. "ఆడుండే పెద్దాయనకు ఎన్ని కండ్లుంటాయి?" అని అడిగింది అక్క. "రెండు" అంది పిల్ల. "ఆ రెండూ చూసి రా పో" అంది. పిల్ల పోయింది, ఉద్యోగం తెచ్చుకుంది. నా కంటి ఆపరేషను నేను రెండేళ్ళు వాయిదా వేశాను. అక్క కనిపెట్టి, "ఏనుగు దగ్గర నాకు తోడొచ్చిన మొగోడివి, డాక్టరమ్మ దగ్గరికి పోలేవా" అంది. నేను తోడు ఎట్లా వచ్చానో ఆమెకు తెలుసు. అయినా చచ్చేదాకా ఊర్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

అక్కను సాగనంపేటప్పుడు చాలామంది వచ్చారు. వాచర్ కూడా డ్యూటీ బట్టలతోనే వచ్చి ఒక పక్క నిలబడ్డాడు. దండ వేసి, నా దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, అవ్వ వచ్చిపోయినకాణ్ణించి గేటు కాడ సంచులొకటే అడగడం లేదు. బొడ్లో ఏముండాదని గూడా అడుగుతాండా" అన్నాడు. పక్కనున్నవాళ్ళు విని నవ్వారు. చావింట్లో అంత నవ్వు నేను వినలేదు. ఎవరూ తప్పు పట్టలేదు. ఆ పొద్దు సుడుగాడు మాట అన్న పిల్లోడు ముందుండి పాడె మోశాడు, భుజం మార్చమంటే మార్చలేదు.

ఏడుపు నాకు రాలేదని కాదు. వచ్చింది. కానీ దానికంటే ముందు ఛాతీ ఉబ్బింది. చాలామంది భయంతో పుట్టి భయంతో పోతారు. మా అక్క తన భయం ఇంటికి తానే నడిచి పోయింది, పలకరించింది, మర్యాద చేసి వచ్చింది.

ప్రాణంతో ఆమెను నేను చివరగా చూసింది మొన్న గానుగ ఆడే కాలంలో. ఏనుగులు తిరిగే ఊళ్ళలో ఒకటి గమనించండి. చేనులో కూర్చుని అన్నం తినేవాళ్ళు, బీడీ కాల్చేవాళ్ళు, బిడ్డకు పాలిచ్చేవాళ్ళు, అందరూ అడవి వైపు ముఖం పెట్టే కూర్చుంటారు. ఎవరూ ఎవరికీ చెప్పరు, అట్లా అలవాటైపోతుంది. ఆ రోజు నేను తోటలోకి పోయేసరికి అక్క తలంటుకుని, కందకం గట్టు మీద ఎండలో కూర్చుని ఉంది. అడవికి వీపు పెట్టి కూర్చుంది. తెల్లని జుట్టంతా వెనక్కి వదిలేసింది, కొనల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఆమె వెనక, కందకం అవతల, వెదుళ్ళు కదిలాయి. గాలో, మరొకటో. నేను ఆగిపోయాను. అక్క తిరిగి చూడలేదు. దువ్వెనతో చిక్కు తీసుకుంటూ ఉంది.